దారం కట్టిన కొస

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ స్కానమ్మ అంటారు. ఎదురుగా ఉంటే డాక్టరుగారు, పక్కకు తిరిగితే స్కానమ్మ. స్కాన్లు చూసి రోగం ఎక్కడ దాక్కుందో చెప్పడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని చేస్తున్న ఆ మహాతల్లికి కుడి ఎడమలు తెలియవంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. అందుకే ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెలియవంటే బొత్తిగా తెలియకపోవడం కాదు. అడిగిన వెంటనే తట్టదు, అంతే. టాక్సీ ఎక్కి "ఎడమకు తిప్పండి" అంటూ కుడిచెయ్యి చాపుతుంది. పాపం ఆ డ్రైవరు ఏది నమ్మాలో తెలియక బండి ఆపేసి వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంట్లో మొగుడు "నీ ఎడమా, లోకం ఎడమా?" అని ఇరవయ్యేళ్ళుగా ఒకే జోకు వేసి, తనొక్కడే నవ్వుకుంటాడు. చిన్నప్పుడు పెన్సిలు చెక్కుకుంటూ కోసుకున్న మచ్చ ఆమె ఎడమ బొటనవేలి మీద ఉంది. ఎవరైనా ఏ పక్క అని అడిగితే ముందు ఆ మచ్చను తడిమి చూసుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. తన గదిలో కూర్చుని చూసే బొమ్మల మీద మూలన ఏది కుడో చెప్పే అక్షరం అచ్చయి ఉంటుంది కనుక అక్కడ ఎన్నడూ పొరపాటు జరగలేదు. చిక్కంతా ఆపరేషన్ థియేటర్లోనే.

లివర్‌లో గడ్డలుంటే ముందే స్కాన్ తీస్తారు, లెక్కపెడతారు, అన్నీ చూసుకునే కత్తి పడతారు. కానీ కడుపు తెరిచి, లివర్‌ను కిందనుంచి గుడ్డలు పెట్టి పైకెత్తాక, అది బొమ్మలో ఉన్నట్టు ఉండదు. ఒత్తిగిలి పడుకున్న మనిషిలా ఆకారమే మారిపోతుంది. చేత్తో తడిమితే పెద్ద గడ్డలు తగులుతాయి గాని, లోపలెక్కడో ఉన్న చిన్నవి తగలవు. అందుకని బొటనవేలంత ప్రోబ్‌ను నేరుగా లివర్ మీదే ఆనించి అప్పటికప్పుడు స్కాన్ చూస్తారు. ప్రోబ్ పట్టేది ఆపరేషన్ చేసే పెద్దాయన. తెర ముందు నిలబడి చూసేది స్కానమ్మ. చెయ్యి ఒకరిది, కన్ను ఒకరిది. పదిహేనేళ్ళ జోడీ, ఇంతవరకూ బాగానే సాగింది.

పెద్దాయనకు రెండు పట్టుదలలు ఉన్నాయి. మొదటిసారి ప్రోబ్ పెట్టి చూసేటప్పుడు పాత స్కాన్ బొమ్మలున్న మానిటర్ కట్టేయాలి. ముందే తెలిసి చూస్తే తెలిసినవే కనిపిస్తాయి, కొత్తవి కళ్ళముందున్నా కనిపించవని ఆయన వాదన. రెండోది, ఏదైనా చెడు తేలితే కడుపు కుట్టేదాకా ఆగకుండా బయట ఎదురుచూసేవాళ్ళకు వెంటనే చెప్పి పంపాలి. లేని ఆశను ఒక్క నిమిషం కూడా ఎవరి దగ్గరా ఉంచకూడదంటాడు. మంచి మాటే. ఆవేళ ఆ మంచి మాటే పుట్టి ముంచింది.

ఆవేళ బల్లమీద ఉన్నది లిఫ్టులు బాగుచేసే మనిషి. యాభై ఇంకా నిండలేదు. పేగులో గడ్డ ఉంటే ఏడాది క్రితం తీసేశారు. అది పోతూ పోతూ లివర్‌లో రెండు పిల్లల్ని వదిలి వెళ్ళింది. ఆరు విడతల మందులు ఎక్కించాక అవి బాగా కుదించుకుపోయాయి. రెండూ కుడి సగంలోనే ఉన్నాయి కనుక ఆ సగం మొత్తం తీసేద్దామని నిర్ణయించారు. మిగిలే ఎడమ సగం చిన్నదే గాని, మనిషి బతకడానికి సరిపోతుంది. అందులోంచి చిటికెడు తీయాల్సి వచ్చినా సరిపోదు. అంటే ఎడమ పక్క ఒక్క గడ్డ కనిపించినా ఏమీ ముట్టుకోకుండా కడుపు మూసేయడమే. మూసేస్తే ఆయనకు మిగిలేది కొన్ని నెలలే.

పొద్దున థియేటర్ తలుపు దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. టైలరు. చీరకొంగుకు రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి, తీయడం మరిచిపోయినట్టుంది. మొగుడి స్ట్రెచర్ లోపలికి పోతుంటే పక్కనే నడుస్తూ "భయపడకు, నేనిక్కడే ఉంటా" అంటోంది. ఆయన "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు నేనూ అదే చెప్తాను" అన్నాడు. వెనకాల వస్తున్న స్కానమ్మకు నవ్వొచ్చింది.

పదిన్నరకు పిత్తాశయం తీసేసి, లివర్‌ను పైకెత్తి పెట్టారు. కొత్త సిస్టర్ ప్రోబ్‌కు నీలం తొడుగు తొడిగి, నల్లదారం కట్టి పెద్దాయనకు అందించింది. ఈమె వచ్చి మూడు రోజులే అయింది. ఎప్పుడూ ఉండే పెద్ద సిస్టర్ మోకాలి నొప్పితో నెల సెలవు పెట్టింది.

"పాత బొమ్మలు కట్టేయండి. కానివ్వమ్మా," అన్నాడు పెద్దాయన.

ప్రోబ్ లివర్ మీద నెమ్మదిగా కదిలింది. తెరమీద బూడిదరంగు పొలంలా అంతా పరుచుకుంది. ఒక మూల చిన్న పచ్చ చుక్క ఉంది. చుక్క ఉన్న వైపు రోగికి కుడి. చుక్కకు అవతల ఎడమ. ఇంతకన్నా తేలిక లేదు.

"ఒకటి. కుడి సగంలో, వెనకగా. నిమ్మకాయంత," అంది స్కానమ్మ. సిస్టర్ గోడమీది తెల్లబోర్డు మీద రాసింది.

"అది నా చేతికే తగులుతోంది. తర్వాత?"

"ఇంకా ఇటు రండి సార్. నడిమి సిర దగ్గరికి."

లివర్‌ను కుడి సగం, ఎడమ సగం అని విడదీసేది ఆ సిరే. దానికి ఇవతల ఉన్నవన్నీ తీసేసేవి, అవతల ఉన్నవన్నీ మిగిలేవి. సిర తెరమీదకి నల్లటి కాలువలా వచ్చింది. దాని పక్కనే చిక్కుడుగింజంత మచ్చ.

"రెండు. సిరను ఆనుకుని," అంది.

"ఏ పక్క?"

ఆమె చుక్కను చూసింది. గింజను చూసింది. మళ్ళీ చుక్కను చూసింది. గింజ చుక్కకు అవతల ఉంది. బొటనవేలి మచ్చను గట్టిగా తడుముకుంది.

"ఎడమ పక్క సార్."

మత్తు డాక్టరు పాట హమ్ చేస్తున్నవాడల్లా మధ్యలో ఆపేశాడు. ఎడమ కొసదాకా పోవాల్సిన ప్రోబ్ అక్కడే నిలిచిపోయింది.

"పాత బొమ్మ పెట్టండి," అన్నాడు పెద్దాయన.

పెట్టారు. పాత బొమ్మలో చిక్కుడుగింజ సిరకు కుడి పక్క స్పష్టంగా ఉంది. మూలన అక్షరం కూడా ఉంది.

ఇక అక్కడినుంచి మొదలైంది అయోమయం. మందులకు పాతది కరిగిపోయి, ఎడమ పక్క కొత్తది పుట్టిందా? అలా జరుగుతుంది, ఇద్దరూ చూసినవాళ్ళే. నెలరోజుల నాటి స్కానులో లేనిది ఇవాళ ఉండొచ్చు, అప్పుడున్నది ఇవాళ మాయం కావొచ్చు. లేకపోతే లివర్‌ను పైకెత్తినప్పుడు సిరే అటు జరిగిందా? సిర జరిగితే దాన్ని ఆనుకున్న గింజ కూడా జరగాలి కదా? పెద్దాయన రెండోసారి చూశాడు. మూడోసారి చూశాడు. మూడుసార్లూ గింజ చుక్కకు అవతలే ఉంది. వేళ్ళతో తడిమాడు. కుడి పక్క ఏమీ తగల్లేదు, ఎడమ పక్కా ఏమీ తగల్లేదు. అంత లోతులో ఉన్న మెత్తటి గింజ తగిలితేనే ఆశ్చర్యం.

స్కానమ్మకు లోపల ఏదో తేడాగా ఉంది. తెలిసిన వీధిలోకి ఎప్పుడూ రాని వైపునుంచి వచ్చినట్టుంది. ఇల్లు అదే, గేటు అదే, అయినా ఏదో కుదరడం లేదు. ఏ పక్కో చెప్పే గుర్తుగా పనికొచ్చే పిత్తాశయాన్ని అప్పటికే తీసేశారు. ఆ తేడా ఏమిటో అడగాలని ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగితే ఏమని అడగాలి? "సార్, ఏది కుడి, ఏది ఎడమ?" అనా? పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత, నలుగురి మధ్యా? తేడా తెరలో లేదు, నా బుర్రలోనే ఉంది, ఎప్పుడూ ఉండేదేగా అనుకుంది. ఆ మాటను మింగేసింది.

"నీకెలా అనిపిస్తోందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఎడమ పక్కే సార్."

ఆయన పక్కనున్న చిన్న డాక్టరుతో, "వెళ్ళి వాళ్ళావిడకు చెప్పు. ఎడమకు కూడా పాకింది, తీసి లాభం లేదు, మూసేస్తున్నామని చెప్పు. నెమ్మదిగా చెప్పు," అన్నాడు.

చిన్న డాక్టరు గ్లోవ్స్ విప్పి వెళ్ళాడు. తలుపు ఊగి ఊగి ఆగింది.

మూసేముందు ఆ గింజలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఉత్త కళ్ళతో చూసి ఇదే రోగం అనడానికి వీల్లేదు. ఆ సూది స్టోరునుంచి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. పెద్దాయన ఒక చేత్తో ప్రోబ్ పట్టుకుని, ఇంకో చేత్తో సూది దించాడు. గింజ ఎడమన ఉంది కదా అని ఎడమనుంచే దించాడు.

"సూది కనిపిస్తోందా?"

కనిపించింది. తెల్లటి గీతలా, చుక్క పక్కనుంచి లోపలికి దిగుతోంది. గింజేమో దానికి చాలా దూరంలో, రెండో పక్కన ఉంది.

"కుడినుంచి దిగుతోంది సార్. గింజ అవతల ఉంది."

"కుడేమిటమ్మా? నేను దించింది ఎడమనుంచి కదా. మళ్ళీ చూడు."

ఇదిగో, తన తికమక బయటపడనే పడింది అనుకుంది ఆమె. "సారీ సార్, ఎడమే" అన్న మాట నోట్లో తయారుగా ఉంది. అది అనేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన సూదిని కాస్త అటూ ఇటూ జరుపుకుంటాడు, ముక్క తీస్తాడు, కడుపు మూస్తాడు. తన పరువు తన దగ్గరే ఉంటుంది. ఆ లిఫ్టుల మనిషి మాత్రం ఏ ఆరు నెలలకో పోతాడు.

చచ్చినంత సిగ్గేసింది. అయినా అనేసింది.

"సార్, నాకు కుడి ఎడమలు తికమక. చిన్నప్పటినుంచీ ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇందాకటినుంచీ ఏదో తేడాగా ఉంది, అది నాలో ఉందో తెరలో ఉందో తెలియడం లేదు. నోటితో చెప్పకండి. ప్రోబ్‌కు ఈ పేషెంట్ కుడిచేతి వైపున్న కొసను కొంచెం పైకి లేపండి. కొంచెం చాలు."

పెద్దాయన మాస్కు పైనుంచి ఆమెను ఒక్క క్షణం చూశాడు. సూది బయటికి లాగి, ఆ కొసను బియ్యపుగింజంత ఎత్తు లేపాడు.

లేపిన కొస గాల్లో ఉంటుంది కనుక తెరమీద ఆ వైపు నల్లబడాలి. చుక్క ఉన్న వైపు నల్లబడాలి. కానీ చుక్కకు అవతలి వైపు నల్లబడింది.

"దించండి. మళ్ళీ లేపండి," అంది ఆమె.

మళ్ళీ అవతలే నల్లబడింది.

"ప్రోబ్ తిరగబడి ఉంది సార్," అంది. "అది కుడి పక్కే. మొదటినుంచీ కుడి పక్కే."

పెద్దాయన ప్రోబ్ పైకి తీసి, నీలం తొడుగుమీదుగా రెండు కొసలూ వేలితో తడిమాడు. ప్రోబ్‌కు ఒక కొసన చిన్న గాటు ఉంటుంది. అదే కుడిచేతి వైపు ఉండాల్సిన కొస. మందపు తొడుగులోంచి ఆ గాటు కనిపించదు కనుక, పెద్ద సిస్టర్ ఏనాడో ఒక పద్ధతి పెట్టుకుంది. తొడుగు తొడిగాక గాటున్న కొసకు నల్లదారం కడుతుంది. పెద్దాయన దారం చూసుకుని ప్రోబ్ పట్టుకుంటాడు. దారం ఏ కొసకు కట్టాలన్నది ఎక్కడా రాసి లేదు. పదిహేనేళ్ళలో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు దారం ఒక కొసన ఉంది, గాటు రెండో కొసన ఉంది.

"ఈ దారం ఎందుకు కట్టావమ్మా?" అన్నాడు పెద్దాయన.

కొత్త సిస్టర్ బిక్కమొహం వేసింది. "అక్క రాసిచ్చిన కాగితంలో తొడుగు తొడిగి దారం కట్టాలని ఉంది సార్. తొడుగు జారిపోకుండా అనుకున్నాను. ఏ కొసకైతే ఏమిటిలే అని..." అని ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏడవకు. గ్లోవ్స్ మీద పడతాయి," అన్నాడు మత్తు డాక్టరు.

పెద్దాయన ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో, గదిలో కాస్త గాలి ఆడేది. "పదిహేనేళ్ళుగా దారాన్ని నమ్మాను గాని, ఒక్కరోజు కూడా గాటు తడిమి చూడలేదు," అని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. ప్రోబ్ తిప్పి పట్టుకుని నడిమి సిరమీద పెట్టాడు. గింజ చుక్క వైపుకు వచ్చి బుద్ధిగా కూర్చుంది. పాత బొమ్మలో ఎక్కడుందో అక్కడే. అందరి ప్రాణాలూ లేచొచ్చాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చిన్న డాక్టరు లోపలికొచ్చాడు. "చెప్పేశాను సార్," అన్నాడు.

పెద్దాయన ప్రోబ్ సిస్టర్‌కు ఇచ్చేశాడు.

"నేను కడుపు తెరిచిపెట్టి బయటికి రాలేను," అన్నాడు. "మళ్ళీ ఇతన్నే పంపితే ఆవిడ నమ్మదు. నువ్వు వెళ్ళమ్మా. కుడి సగానికి పోయే రక్తనాళాన్ని విడదీసి కట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. చెప్పి వచ్చెయ్."

బయట వరండాలో బెంచీలన్నీ ఖాళీగానే ఉన్నా ఆవిడ నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొగుడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. స్కానమ్మ వెళ్ళి పక్కనే నేలమీద కూలబడింది.

"ఇంకా ఏముందమ్మా చెప్పడానికి? ఆయనెవరో చెప్పి వెళ్ళారుగా," అంది టైలరమ్మ తలెత్తకుండా.

"అది తప్పమ్మా. మేం తప్పు చెప్పి పంపాం. ఆపరేషన్ ఆగలేదు, జరుగుతోంది."

ఆవిడ చేతులు ఆగాయి. "జరుగుతోందా? ఎడమకు కూడా పాకిందన్నారే?"

"కుడి పక్కదే మాకు ఎడమ పక్క ఉన్నట్టు కనిపించింది. లోపల పెట్టి చూసే ప్రోబ్ తిరగబడి ఉంది. చూసి చెప్పింది నేనే."

టైలరమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అర్థం కాలేదేమో, ఇంకా వివరంగా చెప్పాలేమో అనుకుని స్కానమ్మ నోరు తెరవబోయింది. ఈలోగా ఆవిడే అంది.

"బట్ట తిరగేసి పరిచారన్నమాట. తిరగవైపు మీద గీత గీస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యవుతుంది. ఒకసారి నేనూ ఒకాయన కోటుకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాను." చొక్కా పక్కన పెట్టి, "కత్తెర పడకముందే చూసుకున్నారా?" అంది.

"చూసుకున్నాం. ఇంకా ఏదీ కోయలేదు."

"కోటైతే ఇంకో బట్ట తెచ్చి కుట్టిచ్చాను," అంది టైలరమ్మ. అప్పుడొచ్చింది ఆవిడకు కోపం. అరవలేదు. పళ్ళు బిగించి మాట్లాడింది. "ఈ అరగంటలో నేనేం చేశానో తెలుసా? మా అమ్మాయికి ఫోన్ చేశాను. దూరంలో చదువుకుంటోంది. మీ నాన్నకు ఇంక లాభం లేదటే, బయల్దేరి రా అని చెప్పాను. హాస్టలు ఎదురుగానే బస్టాండు, బస్సెక్కేసింది. ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేసి కాదటే, అంతా బాగానే ఉందటే అంటే అది నమ్ముతుందా? దారిలో ఏడుస్తుందని అమ్మ అబద్ధం ఆడుతోంది అనుకుంటుంది. నేనైనా అలాగే అనుకుంటాను." నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. "తప్పు చెప్పింది మీరు. మీరే చెప్పండి."

ఫోన్ ఒక్క రింగుకే ఎత్తారు. బస్సు రొద. ఆ రొదలోంచి ఒక గొంతు, "అమ్మా, నాన్న ఉన్నాడా?"

స్కానమ్మ తనెవరో చెప్పింది. జరిగింది మొత్తం చెప్పింది. అవతల ఆ పిల్ల మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"అమ్మ మిమ్మల్ని ఇలా చెప్పమందా?"

"లేదమ్మా."

"ఇందాక ఇంక లాభం లేదన్నది ఎవరు?"

"పక్క చూసి చెప్పింది నేనే."

"ఇప్పుడు ఆపరేషన్ జరుగుతోందంటున్నది?"

"అదీ నేనే."

బస్సు ఎక్కడో ఆగినట్టుంది. ఎవరో దిగేవాళ్ళను పిలుస్తున్నారు. మళ్ళీ కదిలింది.

"మొదటిది చెప్పినప్పుడు మీరు నమ్మే చెప్పారా?"

వయసు పదిహేడో పద్దెనిమిదో ఉంటుంది. పెద్దాయన కూడా అడగని ప్రశ్న అడిగింది. స్కానమ్మ కళ్ళు మూసుకుంది.

"పూర్తిగా నమ్మలేదమ్మా. ఏదో తేడాగా ఉంది. అడగాలనిపించింది. అడగలేదు."

తిడుతుందనుకుంది స్కానమ్మ. తిట్టించుకోవడానికి సిద్ధపడి కూర్చుంది.

"ఇప్పుడేమైనా ఉందా?" అంది ఆ పిల్ల. "అడగాలనిపించి అడగనిది. ఇప్పుడేమైనా మిగిలిందా?"

ఏమీ లేదు అనబోయింది. అనలేకపోయింది. ప్రోబ్ సరిచేశాక వాళ్ళు చూసింది నడిమి సిర దగ్గర మాత్రమే. గింజ కుడికి రాగానే పెళ్ళివారింట్లోలా అందరూ సంబరపడి ఆగిపోయారు. అంతకుముందు మూడుసార్లు చూసినప్పుడూ ప్రోబ్ సిర దాటి అవతలికి పోనేలేదు. అంటే మిగలబోయే ఎడమ సగాన్ని, దాని కొసదాకా, ఇవాళ ఎవరూ చూడనేలేదు. ఈ సంగతి ఇంతసేపూ తన బుర్రలోకి ఎందుకు రాలేదో ఆమెకు అంతుపట్టలేదు. అక్కడ పెద్దాయన నాళం విడదీస్తూ ఉంటాడు.

"ఒకటుందమ్మా," అంది. "ఫోన్ పెట్టకు. చూసి వస్తాను."

ఫోన్ టైలరమ్మ చేతిలో పెట్టి పరుగెత్తింది. నలభై అయిదేళ్ళ మనిషి, స్థూలకాయం, థియేటర్ చెప్పుల్లో. ఒక చెప్పు వరండాలోనే ఊడిపోయింది.

"సార్, కట్టేశారా?" అంది తలుపు దగ్గరినుంచే.

"కట్టబోతున్నా."

"ఆపండి. ఎడమ కొస మనం చూడలేదు."

"చూడకపోవడమేమిటమ్మా?" అని ఆయన ఆగి, మనసులోనే వెనక్కి వెళ్ళి లెక్క చూసుకున్నాడు. చేతిలో ఉన్నది పక్కన పెట్టేశాడు. "ప్రోబ్ ఇవ్వండి. గాటు ఎటుందో నేను తడుముకుంటాను."

సిర దాటించి, ఎడమకు తీసుకెళ్ళాడు. ఆమె తెరమీదినుంచి చూపు తిప్పలేదు. బూడిదరంగు, మళ్ళీ బూడిదరంగు, సన్నటి రక్తనాళాలు. కొస దగ్గరికి వచ్చేసరికి లివర్ పల్చబడింది. అక్కడ అడుగున, అంచుమీద, గుండ్రంగా ఒకటి కనిపించింది. ఇదేనా? ఇంతసేపూ ఇక్కడ కూర్చుని ఉన్నది ఇదేనా? ఇప్పుడు ఆ పిల్లకు మూడోసారి ఏమని చెప్పాలి?

ఈసారి మింగలేదు. ఎంత తెలివితక్కువ ప్రశ్న అయినా సరేనని అడిగేసింది.

"సార్, లివర్ కింద మీ వేలుందా?"

"ఉంది. కొసను పట్టుకున్నాను."

"తీయండి."

తీశాడు. గుండ్రంగా ఉన్నది పోయింది.

"మళ్ళీ మొదటినుంచి, వేలు లేకుండా," అంది. మొదటినుంచి చూశారు. అటునుంచి ఇటు చూశారు, ఇటునుంచి అటు చూశారు. కొత్త సిస్టర్ బోర్డు దగ్గర మార్కరు పట్టుకుని నిలబడింది. రాయడానికి ఏమీ దొరకలేదు.

"కట్టుకోండి సార్," అంది స్కానమ్మ. ఆయన తల ఊపాడు.

ఊడిన చెప్పు దారిలోనే పడి ఉంది. దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది. టైలరమ్మ లేచి నిలబడి ఉంది, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని. ఏమైందని అడిగే ధైర్యం లేక ఫోన్ చాపింది.

"ఉన్నావా అమ్మా?"

"ఉన్నాను."

"చూశాం. ఎడమ కొసదాకా రెండుసార్లు చూశాం. ఏమీ లేదు. మీ నాన్నకు ఆపరేషన్ చేస్తున్నారు."

"ఇంకేం మిగల్లేదు కదా అడగడానికి?"

"లేదమ్మా. ఇంకేం మిగల్లేదు."

అంతసేపూ ఒక్కొక్కటే నిలదీసి అడిగిన ఆ పిల్ల, అప్పుడు, బస్సులో అంతమంది మధ్య, బావురుమంది.